ముగింపు మీద తగవు

ఒక కథ నచ్చిందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఆ కథ ఏం చెబుతోంది అన్నది మరొక ప్రశ్న. అయితే సినిమా హాలు మెట్లు దిగుతున్నవారి మాటల్లోనూ, పత్రికలకు వచ్చే పాఠకుల ఉత్తరాల్లోనూ, సాహిత్య సభల చర్చల్లోనూ ఈ రెండు ప్రశ్నలూ కలిసిపోయి, నచ్చకపోవడమే అది తప్పుడు కథ అనడానికి రుజువుగా, నచ్చడమే అది గొప్ప కథ అనడానికి సాక్ష్యంగా చెలామణి అవుతుంటాయి. అభిరుచి మనిషికి పుట్టుకతో వచ్చిన సొంత ఆస్తి అనీ, దాని మీద వాదన అనవసరమనీ చాలామంది నమ్మకం. నిజానికి ఒక పాఠకుడు కథలో ఏ పాత్ర పక్కన నిలబడతాడు, ఏ వాక్యం దగ్గర ఆగుతాడు, ఏ ముగింపును అన్యాయం అంటాడు అన్నది అతడు చేసే పని, పెరిగిన ఇల్లు, మాట్లాడే మాట, తీర్చవలసిన అప్పు వంటి నిత్యజీవిత విషయాలతో గట్టిగా ముడిపడి ఉంటుంది. అందుకే కథల మీద జరిగే తగవుల్లో చాలా భాగం కథల గురించినవి కావు, బతుకు గురించినవి.

ఈ సంగతిని పరిశీలించడానికి విశాఖపట్నం అనువైన ఊరు. ఒకే రకం జీవనానికి అలవాటుపడిన పాఠకసమూహం ఈ నగరంలో ఏ కాలంలోనూ ఏర్పడలేదు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చిన నాటినుంచి ఈ ఊరు బయటివారిని చేర్చుకుంటూనే పెరిగింది. 1941లో సింధియా కంపెనీ నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది, 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడింది. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో 1966లో సాగి 32 మంది ప్రాణాలను బలిగొన్న ఉద్యమం తర్వాత, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. రేవు కూలీ, జాలరి, కోర్టు గుమాస్తా, విశ్వవిద్యాలయ ఆచార్యుడు, ఏ రాష్ట్రం నుంచో బదిలీ మీద వచ్చిన నావికుడు, కర్మాగారం కోసం భూమి పోగొట్టుకుని ‘ఆర్ కార్డు’ పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసిన నిర్వాసితుడు, వీరందరూ ఒకే ఊళ్లో ఒకే పత్రిక కొన్నారు, ఒకే జగదాంబ థియేటర్‌లో సినిమా చూశారు.

కాలం కూడా ఇక్కడ అందరికీ ఒకే విధంగా నడవదు. బ్లాస్ట్ ఫర్నేసును, కోక్ ఓవెన్లను సాయంత్రం ఆపి ఉదయం వెలిగించడం కుదరదు కాబట్టి ఉక్కు కర్మాగారం రోజుకు 24 గంటలూ ఏ, బీ, సీ అనే మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. ఉదయం ఆరుకు వెళ్లే ఏ షిఫ్టు మనిషికి ఫస్ట్ షో వీలవుతుంది, మధ్యాహ్నం రెండుకు వెళ్లే బీ షిఫ్టు మనిషికి ఉదయం ఆటే దిక్కు, రాత్రంతా పనిచేసిన సీ షిఫ్టు మనిషి పగటి నిద్ర మానుకుని మ్యాట్నీకి కూర్చుంటే సగం సినిమా కునికిపాట్ల మధ్య నడుస్తుంది. కల్పన గురించి రాసే పండితులు ప్రేక్షకుడి నిద్రలేమిని లెక్కలోకి తీసుకోవడం అరుదు. తేలికైన హాస్యాన్నో పోరాట దృశ్యాన్నో కోరుకున్నందుకు అతడి అభిరుచిని నాసిరకం అని తేల్చడం మాత్రం తరచు జరుగుతుంది.

ప్రేక్షకుడిని గురించి భారతీయ అలంకారశాస్త్రం చాలా ముందే, చాలా లోతుగా ఆలోచించింది. మాళవికాగ్నిమిత్రంలో కాళిదాసు నాట్యాచార్యుడైన గణదాసుచేత, భిన్నమైన అభిరుచులున్న జనులందరినీ రంజింపజేసేది నాట్యమొక్కటే అన్న అర్థం వచ్చే మాట చెప్పించాడు. రంగం మీది దుఃఖం ఫలానా రాజు దుఃఖంగా ఉండిపోకుండా ఎవరి సొంతమూ కాని, అందరూ అనుభవించగల దుఃఖంగా మారే క్రమానికి భట్టనాయకుడు సాధారణీకరణం అని పేరు పెట్టాడు. కావ్యాలను నిరంతరం చదివి అద్దంలా నిర్మలమైన మనసు గలవాడే ఆ రసాన్ని పొందగల సహృదయుడు అని అభినవగుప్తుడు వివరించాడు. ఈ సిద్ధాంతం రసానుభవాన్ని ఎంత సూక్ష్మంగా వివరించినా, సహృదయుడికి జీతం, కులం, ఇంటి అద్దె ఉంటాయన్న విషయాన్ని పక్కన పెట్టింది. ఇంకా చెప్పాలంటే అవన్నీ మరచిపోగలిగినప్పుడే అతడు సహృదయుడవుతాడు.

ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య విమర్శకులు కొందరు సరిగ్గా ఆ పక్కన పెట్టిన వాటినే ముందుకు తెచ్చారు. జర్మన్ విమర్శకుడు వోల్ఫ్‌గాంగ్ ఈజర్ 1970లలో, ఏ కథా అన్నీ చెప్పదనీ, చెప్పకుండా వదిలిన ఖాళీలను పాఠకుడు తన ఊహతో పూరించుకున్నప్పుడే కథ పూర్తవుతుందనీ వాదించాడు. బ్రిటన్‌లో పనిచేసిన జమైకా మేధావి స్టూవర్ట్ హాల్ 1973లో టెలివిజన్ గురించి రాస్తూ ప్రేక్షకుల గ్రహింపును మూడు తీరులుగా విడదీశాడు: చెప్పినవారు ఉద్దేశించిన అర్థాన్నే స్వీకరించడం, దానిని మొత్తంమీద ఒప్పుకుంటూనే తన అనుభవానికి తగినట్లు కొంత సవరించుకోవడం, దానికి ఎదురు తిరిగి మరో అర్థం చెప్పడం. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్దియూ 1979లో వెలువరించిన గ్రంథంలో, సంగీతం నుంచి భోజనం దాకా మనం సొంత అభిరుచులు అనుకునేవి కుటుంబంలో, చదువులో, వర్గంలో తయారవుతాయని, పైగా అవి ఒకరిని మరొకరికంటే ఎక్కువగా చూపించే గుర్తులుగా పనిచేస్తాయని ఫ్రాన్స్‌లో జరిపిన సర్వేల ఆధారంగా చూపాడు. ఈ ముగ్గురి మాటలకూ విశాఖ సాహిత్య చరిత్రలో నిదర్శనాలు దొరుకుతాయి.

వాటిలో అన్నిటికంటే బరువైనది కాళీపట్నం రామారావు రాసిన ‘యజ్ఞం’. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, విశాఖపట్నంలోని సెయింట్ ఆంథోనీ ఉన్నత పాఠశాలలో సుమారు మూడు దశాబ్దాలు ఉపాధ్యాయుడిగా పనిచేసిన కారా మాస్టారి ఈ పెద్దకథ 1966లో ‘యువ’ పత్రికలో వచ్చింది. సుందరపాలెం అనే ఊళ్లో అప్పల్రాముడు అనే పేద దళిత రైతు గోపన్నకు అప్పుపడ్డాడు; ఆ తగవు ఏళ్ల తరబడి తెగక చివరికి పంచాయతీకి చేరింది; అందరి గౌరవం పొందిన ఊరిపెద్ద శ్రీరాములునాయుడి సమక్షంలో, ఉన్న భూమి అమ్మి అయినా బాకీ తీర్చాలన్న నిర్ణయానికి అప్పల్రాముడు తలవంచాడు. అప్పుడు అతడి కొడుకు సీతారాముడు, తన తర్వాతి తరం అప్పు కింద బానిసగా బతకడం ఇష్టం లేక, కన్నబిడ్డనే చంపి ఆ శవాన్ని పెద్దల ముందు పడేశాడు.

ఈ ముగింపు మీద తెలుగులో జరిగినంత చర్చ మరే కథ ముగింపు మీదా జరగలేదని చెప్పినా అతిశయోక్తి కాదు. అంత చర్చకు కారణం ఘోరం ఒక్కటే అయితే అది ఏడాదిలో చల్లారేది. అసలు కారణం కథ నడిపిన తీరులో ఉంది. శ్రీరాములునాయుడిని రచయిత దుర్మార్గుడిగా చిత్రించలేదు. అతడు ఊరికి మేలు చేసినవాడు, మాటమీద నిలబడేవాడు, తీర్పులో పక్షపాతం చూపనివాడు. తీసుకున్న అప్పు తీర్చాలనడంలో లోకం దృష్టిలో తప్పేమీ లేదు. పంచాయతీలో ప్రతి ఒక్కరి మాటా వినిపించి, ప్రతి వాదనకూ తగిన బలం ఇచ్చి, ధర్మం పాటించబడిందన్న నమ్మకం పాఠకుడిలో కుదిరిన తర్వాత, సరిగ్గా ఆ ధర్మం ఫలితంగానే పసివాడి శవాన్ని తెచ్చి ముందు పెట్టాడు రచయిత. ఎవరు తప్పు చేశారో మాత్రం చెప్పలేదు. ఈజర్ చెప్పిన ఖాళీ అంటే ఇదే.

ఆ ఖాళీని పాఠకులు పూరించుకున్న తీరులు చూస్తే ఎవరు ఎక్కడ నిలబడి చదివారో తెలిసిపోతుంది. ఒక పఠనం ప్రకారం పెద్దమనిషి న్యాయంగానే తీర్పు చెప్పాడు, కుర్రవాడు ఆవేశంలో మతి తప్పాడు. అప్పు ఇచ్చి వసూలు చేసుకోవలసిన స్థితిలో ఉన్నవారికి, మాట తప్పకపోవడమే మర్యాదగా పెరిగినవారికి ఇది సహజంగా తోచే అర్థం. మరో పఠనంలో న్యాయంగా జరిగిన తీర్పే అన్యాయం. తరతరాలుగా గొడ్డుచాకిరీ చేసినవాడు ఎలా బాకీదారుడయ్యాడన్న ప్రశ్న వేయని ధర్మం ఎంత నిష్పాక్షికమైనా ఉన్నవాడి పక్షానే తీర్పు చెబుతుంది. విప్లవ రాజకీయాల వైపు మొగ్గిన పాఠకుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. బిడ్డను చంపడం తిరుగుబాటు అవుతుందా, నిస్పృహ అవుతుందా, ఆ కత్తి మరోవైపు ఎందుకు తిరగలేదు అన్న ప్రశ్నలు వారిలోనే బయలుదేరాయి. రోడ్డు, బడి, వ్యాపార పంటలు ఊళ్లోకి వచ్చిన క్రమంలో డబ్బు పాత సంబంధాలను ఎలా తారుమారు చేసిందో చూసి, కథను ఒక ఆర్థిక చరిత్రగా చదివినవారు ఇంకొందరు.

ఈ పఠనాలన్నీ సమానమే, ఎవరి అభిప్రాయం వారిది అని సర్దుకోవడం సులువు, కాని అది సోమరితనం అవుతుంది. మొదటి పఠనం కథలో సగాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. అప్పల్రాముడి కుటుంబం ఎంత పనిచేసి ఎందుకు చితికిపోయిందో చెప్పడానికి రచయిత అన్ని పేజీలు ఖర్చుపెట్టడానికి కారణమేమిటో అది చెప్పలేదు. ఆర్థిక చరిత్రగా చదివే పఠనం పేజీలన్నిటినీ కలుపుకుంటుంది గాని, చివరి దృశ్యం దగ్గర పాఠకుడి ఒళ్లు ఎందుకు జలదరిస్తుందో చెప్పలేక తడబడుతుంది. కథలోని ఎక్కువ వివరాలను వదలకుండా కలుపుకుపోగలిగిన వ్యాఖ్యానమే బలమైన వ్యాఖ్యానం. ఈ కొలబద్దతో చూస్తే న్యాయమైన తీర్పే అన్యాయమైందన్న రెండో పఠనం మిగతావాటికంటే ఒక మెట్టు పైన నిలుస్తుంది. ఆ కథ నచ్చడం, నచ్చకపోవడం ఇంకో సంగతి. ముగింపును భరించలేక పుస్తకం మూసేసిన పాఠకురాలు దాని అర్థాన్ని తప్పుగా గ్రహించిందని చెప్పడానికి వీల్లేదు; బహుశా అందరికంటే బాగా గ్రహించినందువల్లే మూసేసి ఉండవచ్చు. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, రచయిత 2021లో కన్నుమూశారు, ముగింపు మీద తగవు మాత్రం తెగలేదు.

గాజువాక ప్రాంతపు నిర్వాసిత కుటుంబాల వంటి పాఠకులకు ఈ కథ మరో రకంగా వినిపించే అవకాశం ఉంది. అక్కడ భూమి పోయింది అప్పుకింద కాదు, ప్రభుత్వం సేకరించడం వల్ల. కారణం కూడా యావత్ రాష్ట్రం పోరాడి సాధించుకున్న కర్మాగారం. ఊరి మేలు, రాష్ట్రం మేలు అనే మాటలకు ఎదురుచెప్పలేక తలవంచిన తండ్రులు, ఉద్యోగం కోసం కార్డు పట్టుకుని తిరిగిన కొడుకులు ఉన్న ఇంట్లో అప్పల్రాముడు కేవలం శ్రీకాకుళం రైతుగా మిగలడు. రచయిత ఉద్దేశించని అర్థమే అయినా అది కథకు బయటి అర్థం కాదు.

కారాకు సమకాలికుడు, మిత్రుడు, వృత్తిరీత్యా విశాఖ కోర్టుల్లో న్యాయవాది అయిన రాచకొండ విశ్వనాథశాస్త్రి రచనల దగ్గర ఇదే సమస్య భాష రూపంలో ఎదురవుతుంది. 1922లో పుట్టి 1993లో కన్నుమూసిన రావిశాస్త్రి, మద్రాసు రాష్ట్ర కాలం నుంచి కొనసాగిన మద్యనిషేధం వల్ల కోర్టు మెట్లెక్కిన పేదల్ని, వారిని పట్టుకున్న పోలీసుల్ని, వారి తరఫున వాదించిన ప్లీడర్లను ‘ఆరు సారా కథలు’లో ఉత్తరాంధ్ర వాడుకమాటలో మాట్లాడించారు. ఆ యాస అప్పటికే తెలుగు నాటకాల్లో, సినిమాల్లో నౌకర్లకు, అమాయకులకు, నవ్వించే పాత్రలకు కేటాయించబడి ఉంది. కోస్తా జిల్లాల మధ్యతరగతి భాషే ప్రమాణంగా చదువుకున్న పాఠకుడు ఆ కథల్ని చదివి ముందుగా నవ్వుతాడు, ఆ నవ్వును అభిరుచి అనుకుంటాడు. అదే మాట ఇంట్లో మాట్లాడే పాఠకుడికి మొదట వినిపించేది ఆ మాటలో దాగిన అవమానం, భయం, తెగింపు. బోర్దియూ ఫ్రాన్స్‌లో సర్వేలు చేసి చూపిన సంగతిని రావిశాస్త్రి పాఠకుల నవ్వే చెబుతుంది: ఎవరి భాషకు నవ్వాలో మనకు బడిలో, సినిమా హాల్లో ఎవరో నేర్పారు. రావిశాస్త్రి మాత్రం ఆ నవ్వును వాడుకున్నారు. పాఠకుడిని నవ్విస్తూ కోర్టు హాలు దాకా తీసుకువెళ్లి, నవ్వవలసింది యాసను చూసి కాదనీ, నల్లకోటు వేసుకుని శుద్ధమైన భాషలో నడుస్తున్న వ్యవహారాన్ని చూసి అనీ అక్కడ తెలిసేలా చేశారు.

అంతకు ముందు 1950లలో వచ్చిన ఆయన నవల ‘అల్పజీవి’ మరో రకం పరీక్ష పెడుతుంది. ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే సుబ్బయ్య అందరికీ భయపడతాడు, ఆ భయాల్ని చూసి తానే సిగ్గుపడతాడు. అతడి మనసులో ఒకదాని వెంట ఒకటిగా పారే ఆలోచనల్ని యథాతథంగా అనుసరించే ఈ పద్ధతిని విమర్శకులు చైతన్యస్రవంతి అంటారు, ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ వల్ల దానికి ప్రపంచంలో పేరు వచ్చింది. సాహసాలు చేసే నాయకుడికి అలవాటుపడిన పాఠకుడికి సుబ్బయ్య విసుగు పుట్టిస్తాడు. నెలాఖరున చేబదులు కోసం ఎవరినో అడగవలసి వచ్చి, అడిగే మాటను నాలుగుసార్లు మనసులో తిప్పుకున్న అనుభవం ఉన్నవాడికి మాత్రం ఆ పుస్తకంలో చదవలేనంత నిజం కనిపిస్తుంది. ఇది కూడా నచ్చకపోవడానికి ఒక కారణమేనని అభిరుచి గురించి మాట్లాడేవారు తరచు మరచిపోతారు.

ఇదే నేల మీద ఇంకా పాత ఉదాహరణ గిరీశం. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించబడి, 1897లో అచ్చయి, 1909లో గురజాడ తిరగరాసిన రూపంలో నిలిచిన ‘కన్యాశుల్కం’లో మోసగాడైన ఆ పెద్దమనిషిని ప్రేక్షకులు నూరేళ్లకు పైగా ముద్దు చేస్తూనే వచ్చారు. నాటకం ఉద్దేశించిన సంస్కరణ ఏమిటో తెలిసినవారు కూడా అతడి మాటలే కంఠస్థం చేశారు, ఆ సంస్కరణ వైపు నిలిచిన పాత్ర సౌజన్యారావు పంతులు మాటలు ఎందరికి గుర్తున్నాయో అనుమానమే.

సినిమాకు వస్తే విశాఖ తీరానికి విడదీయలేనంతగా అంటుకుపోయిన చిత్రం 1978లో కె. బాలచందర్ తీసిన ‘మరోచరిత్ర’. తమిళ కుర్రవాడిగా కమల్ హాసన్, తెలుగు అమ్మాయిగా సరిత నటించిన ఈ నలుపు-తెలుపు సినిమాలో పక్కపక్క ఇళ్లవారు ఒకరి భాష ఒకరికి రాక కీచులాడుకోవడం విశాఖ ప్రేక్షకులకు వింతగా అనిపించే విషయం కాదు. రేవు, రైల్వే, నౌకాదళం వల్ల పొరుగింట్లో మరో భాష వినిపించడం ఇక్కడ మామూలు. భీమిలి ఒడ్డు, సముద్రానికి దగ్గరగా దిగే కొండలు స్థానికులకు ఆదివారం వెళ్లొచ్చే చోట్లు, మిగతా రాష్ట్రానికి ప్రేమకథా లోకం. ఒకే దృశ్యం ఒకరికి గుర్తుపట్టడం, మరొకరికి ఊహించుకోవడం.

ఈ చిత్రం తమిళంలోకి అనువాదం కాకుండా తెలుగులోనే మద్రాసులోని సఫైర్ థియేటర్‌లో ఏడాదికి పైగా ఆడింది. తమిళ ప్రేక్షకులు తమకు సరిగా రాని భాషలో సినిమా చూశారంటే, అక్కడ వారి స్థితి కథలోని కథానాయకుడి స్థితితో సమానమైంది. నాయిక మాట అతడికి ఎంత అర్థమైతే వారికీ సుమారుగా అంతే అర్థమైంది, కాబట్టి భాష రాకపోవడం అడ్డంకి కాకుండా కథలో భాగమైపోయింది. తెలుగు ప్రేక్షకుడు అదే సన్నివేశాల్లో నాయిక వైపు నిలబడి, పొరుగింటి కుర్రవాడు తెలుగు నేర్చుకునే అవస్థను బయటినుంచి చూశాడు. కథను 1981లో హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా మళ్లీ తీసినప్పుడు గోవాకు మార్చారు, కథానాయకుడు తమిళుడిగానే ఉండగా అమ్మాయి ఉత్తర భారతీయురాలైంది, ఇప్పుడు దక్షిణాది మనిషే హిందీ ప్రేక్షకుడి కళ్లకు పరాయివాడు. ఒక కథకు అర్థం తెరమీద ఎంత ఉందో, కుర్చీలో కూర్చున్నవారి మాతృభాషలో ఎంత ఉందో ఈ మూడు సందర్భాల్ని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఇద్దరు ప్రేమికులూ చనిపోయే ముగింపు మీద ఈ సినిమా విషయంలోనూ వాదం నడిచింది. యువతపై దాని ప్రభావం గురించి బెంగపడినవారు ఉన్నారు, విషాదం లేకపోతే సినిమానే లేదన్నవారు ఉన్నారు. రెండు పక్షాలూ మాట్లాడింది తమ ఇంట్లో ఎదిగిన పిల్లల గురించే.

సినిమాలకంటే నిశ్శబ్దంగా, కాని బహుశా అంతకంటే విస్తృతంగా సాగింది సీరియళ్ల పఠనం. వారపత్రికలు, మాసపత్రికలు, వీధి మలుపుల్లోని అద్దె పుస్తకాల షాపులు రాజ్యమేలిన 1960ల నుంచి 1980ల దాకా యద్దనపూడి సులోచనారాణి నవలలు చదివిన స్త్రీలను పగటి కలలు కనేవారిగా విమర్శకులు తీసిపారేశారు. ఆమె ‘సెక్రటరీ’లోని రాజశేఖరం వంటి ధనవంతుడు ఏ క్వార్టర్సు గుమ్మంలోనూ కారు దిగడన్నది నిజమే. ఆ విషయం చదివినవారికి తెలియదనుకోవడం మాత్రం విమర్శకుల అమాయకత్వం. అమెరికన్ పరిశోధకురాలు జానిస్ రాడ్వే 1984లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రేమ నవలలు చదివే గృహిణులతో మాట్లాడి, వారికి కథ ఎంత ముఖ్యమో చదవడమనే పని కూడా అంతే ముఖ్యమని గుర్తించింది: పుస్తకం చేతిలో ఉన్నంతసేపు భర్తకూ పిల్లలకూ ‘ఇప్పుడు నన్ను పిలవకండి’ అని చెప్పినట్లే. భర్త షిఫ్టు, పిల్లల బడి, కుళాయి నీళ్ల వేళల మధ్యలో చిక్కిన ఉక్కునగరం, మల్కాపురం, వన్‌టౌన్ ఇళ్లలో మధ్యాహ్నం వంటిల్లు సర్దిన తర్వాత దొరికే గంటను ఈ కోణంలో చూస్తే, ఆ నవలలు ఎంత నమ్మదగినవన్న ప్రశ్న కొంత పలచబడుతుంది. వాటిలోని సంపన్న పురుషుడి ఆరాధన మీద స్త్రీవాదులు తర్వాత చేసిన విమర్శ సరైనదే. కాని ఒక పుస్తకాన్ని ఎందుకు చదివారన్న ప్రశ్నకు ఆ పుస్తకంలోనే జవాబు వెతకడం సరైన పద్ధతి కాదు.

పాఠకుడు కథను కథగానే గ్రహిస్తాడా, జరిగిన చరిత్రగా నమ్ముతాడా అన్న చిక్కు ఈ నగరానికి ప్రత్యేకంగా వచ్చిపడింది 2017లో. 1971 యుద్ధంలో డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 90 మందికి పైగా సిబ్బందితో విశాఖ రేవు బయట మునిగిపోయింది. దీపాలార్పి గడిపిన ఆ రాత్రులు నగరంలోని పెద్దవారికి గుర్తే. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక జారవిడిచిన పేలుడు పదార్థాల వల్ల అది మునిగిందని భారత నౌకాదళం చెబుతూ వచ్చింది, లోపల జరిగిన పేలుడో సొంత మందుపాతరో కారణమని పాకిస్తాన్ అంటుంది. సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ ఈ రెండింటినీ పక్కన పెట్టి, రహస్యంగా వెళ్లిన ఎస్-21 అనే భారత జలాంతర్గామి నీటి కింద ఘాజీతో తలపడినట్లు కల్పించింది. ఇది కల్పన అని చెప్పుకునే మొదలైంది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా పొందింది. కల్పన అన్న ప్రకటన ఎంత స్పష్టంగా ఉన్నా, తర్వాత రెండు గంటలు చూసిన దృశ్యం దానికంటే బలంగా మనసులో నిలుస్తుంది. యుద్ధకాలం ఎరిగిన పెద్దలు సినిమాను తమ జ్ఞాపకంతో పోల్చుకుని చూడగలిగారు. వారి మనుమలకు పోల్చుకోవడానికి వేరే ఏమీ లేదు కాబట్టి సినిమాయే జ్ఞాపకమైంది. ఈ రెండు తరాల మధ్య తేడా తెలివిలో కాదు, గడిపిన జీవితంలో ఉంది.

రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి ఈ గందరగోళానికి కొత్త మెలిక వేసింది. 1969లో నౌకాదళంలో చేరిన, సోవియట్ యూనియన్‌లో తయారైన ఆ అసలు జలాంతర్గామి 1971 యుద్ధకాలంలో బంగాళాఖాతంలో కాదు, అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. ఘాజీతో దానికి ఏ సంబంధమూ లేదు. సినిమా చూసి వచ్చిన సందర్శకుడు దాని ఇరుకైన ఇనుప గదుల్లో వంగి నడుస్తూ ఎస్-21ను ఊహించుకుంటే, కల్పనను నిజమనుకున్నాడని అతడిని వెక్కిరించడం తేలిక. అయితే జలాంతర్గామిలో మనుషులు ఎంత ఇరుకులో, ఎంత ఉక్కలో నెలల తరబడి బతికారన్నది అతడికి ఆసక్తి కలిగించే విషయంగా మారింది ఆ కల్పన వల్లనే. ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసి వచ్చిన సందర్శకుడికి ఆ ఉక్కను గురించి గైడు పెద్దగా వివరించవలసిన పని ఉండదు. యుద్ధం ఎవరు ఎలా గెలిచారన్న దానికంటే, లోపల ఇంజిను గది చూసుకునే మనిషికి విశ్రాంతి ఎన్ని గంటలకొకసారి దొరికేదన్నదే అతడు అడిగే మొదటి ప్రశ్న కావచ్చు.